దయ నేర్పడానికి ఏ కథ? ప్రాథమిక తరగతుల పిల్లల కోసం ఎంపిక సలహా

అట్ట మీద 'నీతికథలు' అని రాసి ఉన్నంత మాత్రాన లోపలి కథలన్నీ ఒకే పని చేయవు. ఒకటి భయపెడుతుంది, ఒకటి లోకంలో మోసపోకుండా బతకడం నేర్పుతుంది, ఒకటి కంటతడి పెట్టిస్తుంది, ఇంకొకటి హాయిగా నవ్వించి ఊరుకుంటుంది. వీటిలో ఏది విన్న పిల్లవాడు మర్నాడు తన పక్కన కూర్చున్నవాడితో కాస్త మెరుగ్గా మసలుకుంటాడన్నది మాత్రం విడిగా ఆలోచించాల్సిన విషయం. కొనేవారు బొమ్మలు చూసి కొంటారు. చెప్పేవారు చిన్నప్పుడు తమకు నచ్చినదే చెబుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ 5 నుంచి 10 ఏళ్ల పిల్లల నడవడి మీద ఆశ పెట్టుకుని కథ చెబుతున్నప్పుడు కాస్త ఏరుకోవడం మంచిది.

నా సలహా ముందే చెప్పేస్తాను. వినేవారి ఈడు పిల్లలెవరో, వినేవారికి కూడా చేతనయ్యే ఒక మంచి పని చేసే కథను ఎంచుకోండి. ఆ పని ఎలా చేశారన్నది కథలో కళ్లకు కట్టాలి. ఉదాహరణకు, తరగతిలోకి కొత్తగా వచ్చిన పిల్ల ఆటల సమయంలో ఒంటరిగా నిలబడి ఉంది. 'అందరూ ఆమెను ప్రేమగా చేర్చుకున్నారు' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే వినే పిల్లలకు దక్కేది ఏమీ లేదు. ఒక అమ్మాయి ఆమె వైపు నాలుగడుగులు వేసి, సిగ్గుపడి వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, 'ఆడుకుందామా' అని అడగడానికి నోరు రాక 'ఈ బంతి నీదేనా?' అని అడిగిందనుకోండి. మాట కలపడం ఎలాగో వినేవారికి తెలిసిపోయింది. రేపు వారు కూడా ఆ మాటే వాడుకోవచ్చు. మిగతా రకాల కథలకు కూడా చోటుంది, కానీ ఆ చోటు ఏదో తెలిసి వాడాలి.

శిక్ష పడే కథా, మెప్పు దొరికే కథా?

చాలామంది పెద్దలు మొదట చేయి చాపేది శిక్ష పడే కథ వైపే. అబద్ధమాడినవాడి గొర్రెలను తోడేలు తినేస్తుంది, అబద్ధమాడిన కొయ్యబొమ్మకు ముక్కు పెరుగుతుంది. చెడు చేస్తే చెడే జరుగుతుందని తెలిస్తే పిల్లలు భయపడి మానుకుంటారని లెక్క. ఈ లెక్కను పరీక్షించి చూసినవారున్నారు. కెనడాలో కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ తదితర పరిశోధకులు 3 నుంచి 7 ఏళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. వెనక్కి తిరిగి చూడకుండా, శబ్దం విని బొమ్మ పేరు చెప్పడం ఆట. ఆట మధ్యలో పెద్దవారు 'బొమ్మను చూడకూడదు సుమా' అని చెప్పి గది బయటికి వెళతారు. ఆగలేని పిల్లలు చూసేస్తారు. తిరిగి వచ్చాక ఒక కథ చదివి వినిపించి, 'నిజం చెప్పు, చూశావా?' అని అడుగుతారు.

తోడేలు కథ విన్న పిల్లలు గాని, ముక్కు పెరిగిన బొమ్మ కథ విన్న పిల్లలు గాని, అబద్ధాలతో సంబంధం లేని తాబేలు, కుందేలు కథ విన్నవారి కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువగా నిజం ఒప్పుకోలేదు. ఒప్పించిన కథ ఒక్కటే: చెట్టు నరికింది తానేనని తండ్రి ముందు ఒప్పుకుని మెప్పు పొందిన చిన్నారి జార్జ్ వాషింగ్టన్ కథ. తర్వాత అదే కథకు ముగింపు మార్చి, పిల్లవాడు అబద్ధమాడి ఇబ్బంది పడినట్టు చదివితే దాని ప్రభావం పోయింది. కాబట్టి ఇందులో గొప్పదనం వాషింగ్టన్‌ది కాదు, ముగింపుది. అన్నట్టు ఆ చెట్టు సంఘటనకు చారిత్రక ఆధారం లేదు. ఆయన జీవితచరిత్ర రాసిన వీమ్స్ 1806 నాటి ముద్రణలో చేర్చిన ముచ్చట అది. పిల్లల చేత నిజం చెప్పించిన కథ తానే కట్టుకథ కావడం చూస్తే నవ్వు వస్తుంది.

శిక్ష కథలో చిక్కు ఎక్కడుందో కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. తప్పు చేసినవాడు ఏమవుతాడో అది చెబుతుంది. తప్పు చేసేసిన తర్వాత ఏం చేయాలో చెప్పదు. పిల్లలకు రోజూ ఎదురయ్యేది ఆ రెండోదే. పెన్సిలు విరిగిపోయింది, చెల్లిని తోసేశాం, చెప్పకూడని మాట అనేశాం, ఇప్పుడేమిటి? తోడేలు కథలో దీనికి సమాధానం లేదు. పట్టుబడకుండా ఉండాలన్న పాఠం మాత్రం ఉంది, చురుకైన పిల్లలు దాన్ని ఇట్టే పట్టేస్తారు.

అలాగని శిక్ష కథలను అటకెక్కించనవసరం లేదు. నిప్పు, నీళ్లు, వాహనాలు, ముక్కూమొహం తెలియని మనుషులు వంటి ప్రమాదాల గురించి చెప్పేటప్పుడు ఏం జరుగుతుందో చూపించే కథే కావాలి. అది జాగ్రత్త నేర్పడం. దయ నేర్పడానికి అదే పనిముట్టు పనికిరాదు.

జంతువులు మాట్లాడే కథలు

ఇక్కడ చాలామందితో నాకు పేచీ. జంతువుల కథలంటే పిల్లలకు ప్రాణం, నాకూ ఇష్టమే. కానీ వాటి గురించి రెండు విషయాలు గమనించాలి.

మొదటిది, పేరున్న జంతు కథల్లో చాలా వాటి సారం దయ కాదు. పంచతంత్రాన్నే తీసుకోండి. మందమతులైన రాజకుమారులను లోకజ్ఞానం గలవారిగా తీర్చిదిద్దడానికి విష్ణుశర్మ చెప్పిన కథలుగా అది మొదలవుతుంది. కుందేలు సింహాన్ని మాయమాటలతో బావి దగ్గరికి తీసుకెళ్లి చంపిస్తుంది. కోతి, గుండె చెట్టు మీద మరిచిపోయానని చెప్పి మొసలి నుంచి తప్పించుకుంటుంది. కాకి హారం ఎత్తుకొచ్చి పుట్టలో పడేసి, రాజభటుల చేత పామును చంపిస్తుంది. ఎవరిని నమ్మాలి, బలవంతుడిని ఎలా గెలవాలి, స్నేహితుల మధ్య చిచ్చు పెట్టేవాడిని ఎలా గుర్తించాలి అన్నవి అందులోని పాఠాలు. అవి విలువైనవే, బలహీనులకు ధైర్యమిచ్చేవే. అయితే తరగతిలో చిన్నవారిని ఏడిపించే పిల్లవాడికి కుందేలు, సింహం కథ చెప్పి మార్పు కోసం ఎదురు చూస్తే ఫలితం ఉండదు. అతను తనను కుందేలుగానే ఊహించుకుంటాడు. ఈ సంపుటాల్లో దయకు పనికొచ్చేవి ఏరుకోవాలి. వలలో చిక్కిన పావురాల కోసం ఎలుక తాళ్లు కొరికే కథ అలాంటిది. పావురాల రాజు తన కట్లు చివర తెంపమని, ముందు తన వారిని విడిపించమని అడిగే చోట కాసేపు ఆగండి. కథకు ఆయువుపట్టు అక్కడుంది.

రెండోది, పోలిక దూరమయ్యే కొద్దీ పాఠం అందడం కష్టమవుతుంది. టొరంటోలో నికోల్ లార్సెన్, కాంగ్ లీ, ప్యాట్రీషియా గానియా 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పంచుకోవడం గురించిన కథ చదివి, ముందూ వెనకా వారు తమ స్టిక్కర్లను ఇతరులకు ఎన్ని ఇస్తారో చూశారు. కథ ఒకటే. ఒక పుస్తకంలో బట్టలు వేసుకున్న జంతువులు, ఇంకో పుస్తకంలో మనుషులు. మనుషుల బొమ్మలున్న కథ విన్న పిల్లలు ఎక్కువ స్టిక్కర్లు ఇచ్చారు. జంతువుల కథ విన్నవారిలో ఆ పెరుగుదల కనబడలేదు. 2017లో వచ్చిన ఈ ఒక్క ప్రయోగంతో జంతు కథలను తోసిపుచ్చడం తొందరపాటే. కానీ పంచుకోవడం, వంతు కోసం ఆగడం, క్షమాపణ అడగడం వంటి సూటి ప్రవర్తన కావాలనుకున్నప్పుడు పిల్లల పాత్రలున్న కథనే ముందు ప్రయత్నించమంటాను.

జంతు కథే మెరుగ్గా పనిచేసే సందర్భం ఒకటుంది. విషయం ఏ పిల్లవాడికైనా గుచ్చుకునేది అయినప్పుడు, అంటే దొంగతనం, పక్క తడపడం, నత్తి, లావుగా ఉన్నావని ఎగతాళి చేయడం వంటివి వచ్చినప్పుడు, మనుషుల కథ చెబితే తరగతి మొత్తం ఒక్కరి వైపు తిరిగి చూస్తుంది. ఏనుగుకో ఉడుతకో ఆ కష్టం వస్తే ఎవరూ తల దించుకోనక్కరలేదు. దూరమే ఇక్కడ మేలు చేస్తుంది.

మహాత్ముల కథలు, ఇరుగుపొరుగు కథలు

పావురాన్ని కాపాడడానికి సొంత మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ విని ఏడేళ్ల పిల్లవాడు నోరు తెరుచుకుని చూస్తాడు. ఆ ఆశ్చర్యం అతనికి కావాలి, దాన్ని నేను తీసిపారేయను. కానీ అందులో అతను చేయగలిగింది ఏమీ లేదు. ఇలాంటి కథలు ఆదర్శం ఎంత ఎత్తున ఉంటుందో చూపిస్తాయి, మొదటి మెట్టు చూపించవు. ఎనిమిదేళ్లు దాటాక, ఇరుగుపొరుగువారి చిన్న చిన్న కథలు కొన్ని వినేశాక చెబితే బాగా అందుతాయి. ముఖ్యంగా ఆ గొప్పవారు చిన్నప్పుడు తడబడిన సంఘటనలు ఉంటే వాటిని వదలకండి.

చెడు ఎంతసేపు, మంచి ఎంతసేపు?

కొనే ముందు ఎవరూ చూడని కొలత ఇది, నేను అన్నిటికంటే దీన్నే నమ్ముతాను. పుస్తకం తీసుకుని పేజీలు లెక్కపెట్టండి. చాలా కథల్లో ఎగతాళి, తోపులాట, వెలివేత ముప్పావు భాగం ఉంటాయి, రంగురంగుల బొమ్మలతో, హాస్యంగా. చివరి పేజీలో అందరూ కౌగిలించుకుంటారు. పెద్దలు ఆ చివరి పేజీని కథగా చూస్తారు. పిల్లలకు గుర్తుండేది ముందున్న ముప్పావు. అంతవరకూ వారికి తెలియని రెండు కొత్త వెక్కిరింత మాటలు కూడా దొరుకుతాయి.

చివర్లో చెప్పిన పాఠం చేరకపోవడానికి చక్కని ఉదాహరణ అమెరికాలో మేరీ లూయిస్ మారెస్, ఎమిలీ అకోస్టా 2008లో ప్రచురించిన పరిశీలన. కిండర్‌గార్టెన్ పిల్లలకు ఒక కార్టూన్ భాగం చూపించారు. అందులో మూడు కాళ్ల కుక్క వస్తుంది. మిగతా కుక్కలు మొదట దానికి భయపడి దూరం జరుగుతాయి, తర్వాత స్నేహం చేస్తాయి. మనకంటే భిన్నంగా ఉన్నవారిని ఆదరించాలన్నది తీసినవారి ఉద్దేశం. పిల్లలు పట్టుకున్నది మాత్రం మూడు కాళ్ల కుక్కలతో మంచిగా ఉండాలన్న మాట వరకే. ఆ మాటలో తప్పు లేదు. కానీ అక్కడి నుంచి తమ తరగతిలో చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడి దాకా వారంతట వారే నడిచి రాలేరు.

అందుకే సయోధ్యకు కథలో కనీసం సగం చోటుండాలని చూస్తాను. తప్పు చేసినవాడు ఎలా తెలుసుకున్నాడు, ఏమని అడిగాడు, అవతలివారు వెంటనే ఒప్పుకున్నారా, కోపం తగ్గడానికి ఎంత సమయం పట్టింది అన్నవి కథలో ఉండాలి. 'సారీ' అనగానే అంతా సర్దుకుపోయే కథల మీద నాకు నమ్మకం తక్కువ. బయట అలా జరగదని పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

నీతి చెప్పాలా, అడగాలా?

కథ కంచికి వెళ్లగానే 'ఈ కథలో నీతి ఏమిటి?' అని అడగడం మనకు అలవాటు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో 'అబద్ధాలు ఆడరాదు' అంటుంది. అందరూ సంతోషిస్తారు. ఆ సమాధానం కథ వినకపోయినా వచ్చేదే.

కాలిఫోర్నియాలో కేరెన్ వాకర్, తానియా లోంబ్రోజో 5, 6 ఏళ్ల పిల్లలతో చేసిన ప్రయోగాలు 2017లో వచ్చాయి. కథ మధ్యలో 'ఇలా ఎందుకు జరిగింది?' అని వివరించమని అడిగితే, పిల్లలు పైపై వివరాలను దాటి కథలోని పాఠాన్ని పట్టుకోగలిగారు, వేరే సందర్భానికి అన్వయించగలిగారు. కొన్ని సందర్భాల్లో, పాఠం ఏమిటో నేరుగా చెప్పడం కంటే ఇలా వారి చేతనే వివరింపజేయడం బాగా పనిచేసింది.

కాబట్టి ప్రశ్న ఎక్కడ వేస్తున్నామన్నది ముఖ్యం. పాత్ర ఏదో నిర్ణయం తీసుకోబోయే ముందు పుస్తకం మూసి, 'ఆమె ఎందుకు ఆగిపోయింది?' అని అడగండి. 'ఇప్పుడు అతని కడుపులో ఎలా ఉండి ఉంటుంది?' అన్న ప్రశ్న కూడా మంచిదే. చిన్నవారికి భావాల పేర్ల కంటే శరీరంలో తెలిసే మార్పులే ముందు అందుతాయి. 'ఇలాంటిది మన దగ్గర ఎప్పుడు జరుగుతుంది?' అని అడిగితే కథ నుంచి తరగతికి వంతెన పడుతుంది. అయితే అది ఫిర్యాదుల సభగా మారకుండా పేర్లు చెప్పకూడదన్న నియమం ముందే పెట్టుకోవాలి. 'నువ్వైతే ఏం చేసేవాడివి?' అన్న ప్రశ్నను మాత్రం నేను చివరికి వదిలేస్తాను. పెద్దలకు ఏ జవాబు కావాలో పిల్లలకు తెలుసు, అదే ఇస్తారు. దానికి బదులు 'కథలోవాడు ఇంకా ఏమేం చేసి ఉండొచ్చు?' అని అడిగితే చెడ్డ ఆలోచనలతో సహా అన్నీ బయటికి వస్తాయి. పని మొదలయ్యేది అప్పుడే.

ప్రశ్నలు మూడు చాలు. అంతకు మించితే కథ పరీక్షలా మారుతుంది, వినేవారు ఊ కొట్టడం మానేస్తారు.

పుస్తకం, నోటిమాట, వీడియో, నాటకం

బొమ్మల పుస్తకంలో ముఖాలు కనబడతాయి. ఎవరికి కోపం వచ్చింది, ఎవరు బాధ దాచుకుంటున్నారు అన్నది వేలు పెట్టి చూపించవచ్చు. 5, 6 ఏళ్లవారికి దీనికి మించినది లేదు. నోటితో చెప్పే కథకు పుస్తకంలో లేని బలం ఒకటుంది: వింటున్నవారి ముఖాలు చూస్తూ కథను సాగదీయవచ్చు, కుదించవచ్చు, నిన్న ఆటస్థలంలో జరిగినదాన్ని చడీచప్పుడు లేకుండా అందులో కలిపేయవచ్చు. చెప్పేవారికి కాస్త నేర్పు ఉంటే ఏడేళ్లు దాటినవారికి నోటి కథే నా మొదటి ఎంపిక.

వీడియో సులువైనది, అందుకే చివరన పెడతాను. అది ఎవరి కోసమూ ఆగదు. పెద్దవారు పక్కన కూర్చుని రెండు చోట్ల ఆపి మాట్లాడితే తప్ప దయ విషయంలో దాని మీద ఆశ పెట్టుకోలేం.

నాటకం వేయించడం అన్నిటికంటే శ్రమ, ఫలితమూ ఎక్కువే. క్షమాపణ అడగడం, 'వద్దు' అని గట్టిగా చెప్పడం, ఏడుస్తున్నవారి దగ్గరికి వెళ్లడం వంటివి నోటితో అని, కాళ్లతో నడిచి అలవాటు చేసుకోవలసినవి. పాత్రలు పంచేటప్పుడు ఒక జాగ్రత్త: నిజంగా ఏడిపించే పిల్లవాడికి ఏడిపించే పాత్ర, నిజంగా బాధపడుతున్నవాడికి బాధితుడి పాత్ర ఇవ్వకండి. ఇద్దరినీ ఆపేవారిగానో, పిలుచుకెళ్లేవారిగానో పెట్టండి.

వయసును బట్టి

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జ్యాఁ పియాజే 1932లో ప్రచురించిన పుస్తకంలో పిల్లలకు చెప్పిన జంట కథ ఒకటుంది. ఒక పిల్లవాడు తలుపు తీయగానే, వెనక ఉన్నట్టు తెలియని పళ్లెం మీది 15 కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ దొంగతనంగా తీయబోయి 1 కప్పు పగలగొట్టాడు. ఎవరిది ఎక్కువ తప్పు? చిన్నపిల్లలు 15 కప్పులవాడినే తప్పుపట్టారు. పెద్దయ్యే కొద్దీ ఉద్దేశాన్ని చూడడం మొదలుపెట్టారు. చిన్నవారు ఉద్దేశాన్ని అసలు గ్రహించలేరనడం సరికాదని, కథ చెప్పే తీరును బట్టి గ్రహిస్తారని తర్వాతి పరిశోధకులు చూపించారు. అయినా ఎంపికకు ఈ గమనిక పనికొస్తుంది.

5, 6 ఏళ్లవారికి ఒకే సంఘటన, ఒకే భావం, మళ్లీ మళ్లీ వచ్చే ఒక మాట ఉన్న పొట్టి కథ చాలు. ఉద్దేశం దాగి ఉండకూడదు, పాత్ర నోటితోనే చెప్పించాలి. 7, 8 ఏళ్లవారికి 'కావాలని చేయలేదు' అన్న మెలిక ఉన్న కథలు, ఒకే గొడవను ఇద్దరి వైపు నుంచీ చెప్పే కథలు పట్టుబడతాయి. వారి తగాదాల్లో సగం ఇవే కదా. 9, 10 ఏళ్లవారికి ముగింపు లేని కథ ఇచ్చి చూడండి. స్నేహితుడు చిన్నవారిని బెదిరిస్తున్నాడు, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను, ఇప్పుడు చెప్పాలా? ఈ వయసువారు నీతి వాసన దూరం నుంచే పసిగడతారు. మనం తేల్చేయకపోతేనే వారు వాదించుకుంటారు.

సొంతంగా అల్లిన కథ

ఒకే పిల్లవాడికి ఒకే ఇబ్బంది ఉంటే, అచ్చు పుస్తకం కంటే మీరు అల్లిన కథే నయం. జరిగిన రోజే చెప్పకండి, అది తిట్టులా వినిపిస్తుంది. రెండు మూడు రోజులు పోనివ్వండి, పేరు, ఊరు, వస్తువు మార్చండి. ఆటిజం ఉన్న పిల్లల కోసం కరోల్ గ్రే అనే అమెరికన్ టీచరు 1990ల మొదట్లో రూపొందించిన 'సోషల్ స్టోరీస్' పద్ధతి గురించి ఇక్కడ తెలుసుకోవడం మంచిది. ఆజ్ఞలు తక్కువ, వివరణ ఎక్కువ ఉండాలన్నది అందులో కీలకం. గంట కొట్టగానే ఏమవుతుంది, మిగతావారు అప్పుడు ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు అని మొదట చెప్పి, ఆ తర్వాతే నేను ఏం చేయగలను అన్నది వస్తుంది. ఈ పొందిక ఏ పిల్లవాడికైనా ఉపయోగపడేదే.

బహుమతులు కలపాలా?

కథ చెప్పి, మంచి పని చేసినవారికి నక్షత్రాలు అంటించే పద్ధతి చాలా చోట్ల ఉంది. నేను వద్దంటాను. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, సాయం చేసినందుకు వస్తురూపంలో బహుమతి అందుకున్న 20 నెలల పసివారు తర్వాత సాయం చేయడం తగ్గించారు. మన పిల్లలు అంతకంటే పెద్దవారు, నిజమే. అయినా నక్షత్రం కోసం పెన్సిలు అప్పిచ్చి, నక్షత్రం అందగానే వెనక్కి లాక్కునే దృశ్యం ఏ టీచరుకూ కొత్త కాదు. చేసిన పనిని పేరు పెట్టి చెప్పడం చాలు: 'వాడి పుస్తకాలు పడిపోతే నువ్వు ఆగి తీసిచ్చావు, చూశాను.'

సమయం తక్కువగా ఉంటే

వారానికి ఒక్క పీరియడే దొరికితే మూడు కథలు చెప్పకండి, ఒకే కథను మూడు వారాలు చెప్పండి. మొదటి వారం విననివ్వండి, అంతే. రెండో వారం మధ్యలో ఆపి అడగండి. మూడో వారం వారి చేత ఆడించండి. ఫలితాన్ని తరగతిలో వచ్చే జవాబుల్లో వెతకవద్దు. జవాబులు చెప్పడంలో పిల్లలు ఆరితేరినవారు. విరామ సమయంలో, పెద్దవారు చూడటం లేదనుకున్నప్పుడు చూడండి. కథలోని మాట ఒకటి వారి నోట వినిపిస్తే, జట్టులో ఎవరూ తీసుకోని పిల్లవాడిని ఎవరో పిలిస్తే, కథ పని చేస్తోంది. మూడు వారాలైనా ఏమీ కదలకపోతే కథ మార్చండి. రెండో కథకూ ఒకే పిల్లవాడు అలాగే ఉంటే అతనికి కథలు ఆపి, విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఇంట్లోనో, దారిలోనో అతనితో ఎవరైనా ఎలా ప్రవర్తిస్తున్నారో ముందు తెలుసుకోవాల్సి ఉండవచ్చు.